కిరాణా కొట్టుకు పంపండి

పిల్లల చూపు విషయంలో డాక్టరు "ఇక చేయగలిగిందేమీ లేదమ్మా" అన్నాక కూడా మనం ఆగం. ఇంకో పెద్దాసుపత్రి, ఇంకో ఊరు, ఒక మొక్కు, ఎవరో చెప్పిన ఆకుపసరు. కన్నవాళ్ల మనసు అంతే, తప్పు పట్టడం లేదు. రెండోచోట చూపించుకోవడం మంచిదే కూడా. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట పిల్లల కంటి డాక్టర్లకు చూపించి, ఎంత చూపుంది, ఏ వైపు బాగా కనబడుతుంది, ముందు ముందు తగ్గే ప్రమాదం ఉందా అన్నవి తేటగా అడిగి రాయించుకోండి. పసర్లు, చనుబాలు, తేనె మాత్రం కంట్లో పోయకండి. మిగిలిన కాస్త చూపునూ అవే తినేయగలవు. అక్కడితో ఆ తిరుగుడు ఆపండి. ఎందుకంటే మీరు ఆసుపత్రుల చుట్టూ తిరిగే ఆ మూడు నాలుగేళ్లే పిల్లలు పాకడం, నడవడం, మాట్లాడటం, తమ చేత్తో తాము అన్నం తినడం నేర్చుకునే వయసు. కళ్ల కోసం తిరుగుతూ ఆ వయసు దాటించేస్తే, తర్వాత అది తిరిగి రాదు.

చూపు లేదని సర్టిఫికెట్ వచ్చిన పిల్లల్లో చాలామందికి ఎంతో కొంత కనబడుతుంది. వెలుగూ చీకటీ తేడా తెలియడం కూడా చూపే. కాస్తో కూస్తో చూపున్న పిల్లలకు ఇంట్లోనే బోలెడు చేయొచ్చు. తెల్ల పళ్లెంలో పెరుగన్నం పెడితే ఏం కనబడుతుంది? ముదురు రంగు పళ్లెంలో పెట్టండి. మెట్ల అంచులకు పసుపుపచ్చ పెయింటు గీత గీయించండి. చదివేటప్పుడు దీపం ఎదురుగా ఉండి కళ్లలో కొట్టకుండా, భుజం వెనక నుంచి పుస్తకం మీద పడేలా చూడండి. పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతుంటే "దూరం పెట్టు, కళ్లు పాడవుతాయి" అని కసరకండి. అలా చదివితే ఆ పిల్లల చూపు అరిగిపోదు, వాళ్లకు అదే సౌకర్యం.

ఇక అసలు సంగతి. ఏడో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి చేతిలో గుప్పెడు బియ్యం పోస్తే ఏమిటో చెప్పలేకపోయాడు. మంచి మార్కులు వచ్చే పిల్లాడు. వరి ఏ నేలల్లో పండుతుందో పాఠం గడగడా అప్పజెప్పాడు. రోజూ మూడు పూటలా అన్నం తింటున్నాడు. కానీ అది ఎప్పుడూ కలిపిన ముద్దగానే నోట్లోకి వెళ్లింది. వాళ్లమ్మ ప్రేమలో లోపమేమీ లేదు. ఆ ప్రేమ పిల్లాడికి ఏ వస్తువునూ ముట్టుకోవాల్సిన అవసరం రానివ్వలేదు, అంతే.

చూపున్న పిల్లలకు మనం నేర్పేది చాలా తక్కువ. వంటింటి గుమ్మంలో కూర్చుని వాళ్లే చూసి నేర్చేసుకుంటారు. చూపు లేని పిల్లలకు అలా ఊరికే వచ్చి పడేది ఏదీ ఉండదు. ప్రతి వస్తువూ ఒకసారైనా చేతిలోకి రావాలి. అందుకని అమ్మాయినైనా అబ్బాయినైనా వంటింట్లోకి రానివ్వండి. కందిపప్పుకీ పెసరపప్పుకీ తేడా వేళ్లకు తెలియనివ్వండి. చిక్కుడుకాయల ఈనెలు తీయించండి. నానిన మినప్పప్పు పొట్టు తీయడం చూపుతో పని లేని పని. ఆవాలు చిటపటమన్నాక కరివేపాకు వేయాలని చెవే చెబుతుంది. చెయ్యి కాలుతుందేమోనని భయమా? మన చేతులు మాత్రం కాలకుండానే వంట వచ్చిందా?

భోజనం దగ్గర ఒక చిన్న పద్ధతి ఉంది. పళ్లెంలో పదార్థాల చోటును గడియారంలో అంకెల్లా చెప్పడం. "పన్నెండు దగ్గర పప్పు, మూడు దగ్గర బెండకాయ వేపుడు, ఆరు దగ్గర అన్నం, తొమ్మిది దగ్గర ఆవకాయ, కాస్త జాగ్రత్త." గడియారం ఎలా ఉంటుందో ముందు తెలియాలి కదా, పాత గోడ గడియారం అద్దం తీసేసి ముళ్లూ అంకెలూ తడిమించండి. నెల తిరక్కుండా ఆ పిల్లలు పెళ్లి బంతిలో అరిటాకు ముందు ఎవరి సాయమూ లేకుండా తింటారు. చొక్కా మీద సాంబారు పడితే పడనివ్వండి.

పెళ్లి అనగానే చుట్టాలు గుర్తొస్తారు. వాళ్లకో ఆట ఉంది. పిల్లాడి చెయ్యి పట్టుకుని, గొంతు మార్చి, "నేనెవరో చెప్పుకో చూద్దాం!" అంటారు. నాలుగేళ్ల కిందట ఒక్కసారి మాట్లాడిన పెదనాన్నను గొంతు మార్చినా గుర్తుపట్టాలి. పట్టకపోతే "అయ్యో పాపం" అని నాలుక చప్పరింపు. నలుగురి మధ్యా ఆ పిల్లాడికి అది ప్రతిసారీ పరీక్షే. మొహమాటపడకుండా మీరే చెప్పండి: "పెదనాన్నా, పేరు చెప్పి పలకరించండి, వెళ్లేటప్పుడు వెళ్తున్నానని కూడా చెప్పండి, లేకపోతే వాడు గాలితో మాట్లాడుతూ ఉంటాడు." ఇంకొకటి, "బాబు కాఫీ తాగుతాడా?" అని మిమ్మల్ని అడిగితే జవాబు చెప్పకండి. "వాణ్ణే అడగండి పిన్నీ" అనేయండి. పిన్ని ఒకపూట అలుగుతుంది. రెండోసారి నుంచి వాణ్ణే అడుగుతుంది. ఊళ్లో, బళ్లో నలుగురూ మీ పిల్లలతో ఎలా మెలగాలో ఎక్కడా రాసి ఉండదు, మీరు మెలిగేది చూసి నేర్చుకుంటారు.

నడక విషయానికి వద్దాం. పిల్లల చెయ్యి పట్టి లాక్కెళ్లకండి, వెనక నుంచి నెట్టకండి. వాళ్లనే మీ మోచెయ్యి పట్టుకోనివ్వండి. పొట్టి పిల్లలైతే మణికట్టు. మీరు అర అడుగు ముందుంటారు. మీరు మెట్టెక్కినా దిగినా మీ కదలికే వాళ్లకు చెబుతుంది. ఇంట్లో తలుపులు బార్లా తెరిచైనా ఉంచండి, పూర్తిగా మూసైనా ఉంచండి. సగం తెరిచిన తలుపు అంచు నుదుటికి తగిలితే ఆ దెబ్బ మామూలుగా ఉండదు. బకెట్టు, చీపురు, చెప్పులు రోజుకో చోట వదిలే అలవాటు ఇంటిల్లిపాదీ మానుకోవాలి.

తెల్ల కర్ర పేరెత్తితే చాలామంది తల్లులు గతుక్కుమంటారు. "కర్ర పట్టుకుంటే అందరికీ తెలిసిపోతుందండీ" అంటారు. తెలియాలనే కదా ఆ కర్రకు తెల్ల రంగు! ఎదురుగా వచ్చే ఆటోవాడికి తెలియకపోతే ప్రమాదం ఎవరికి? మడిచి సంచిలో పెట్టుకునే కర్రలు దొరుకుతాయి. పిల్లల రొమ్ము ఎముక దాకా వచ్చేంత పొడవు చూసుకోండి, ఎదిగేకొద్దీ మార్చండి. కర్రతో నడవడం నేర్పేవాళ్లు ఉంటారు. ఆసుపత్రి పునరావాస విభాగంలోనో ప్రత్యేక పాఠశాలలోనో అడిగితే దారి చూపిస్తారు. పదిహేనేళ్లకు మొదలుపెడితే సిగ్గు అడ్డం వస్తుంది. అయిదారేళ్లకే ఇస్తే అది వాళ్లకు ఒక ఆటవస్తువు.

ఇప్పుడు కిరాణా కొట్టు. మొదట మీతో నడిపించండి, దారిలో గుర్తులు వాళ్లచేతే చెప్పించండి. గుమ్మం దిగాక సిమెంటు రోడ్డు, కుడివైపు పిండిమర హోరు, ఆ తర్వాత టీకొట్టు అల్లం వాసన, కాలువ మీద బండ కాలికి తగలగానే ఎడమ పక్క మెట్టు. ఆ తర్వాత మీరు పది అడుగులు వెనక ఉండండి. నోరు మెదపకండి, కష్టమే, అయినా మెదపకండి. ఆ తర్వాత గుమ్మంలోనే నిలబడండి.

డబ్బు లెక్క కూడా చేతికే రావాలి. కొత్త నోట్లలో పది, ఇరవై, యాభై పొడవులో ఒకదాన్నొకటి మించుతాయి, అవి త్వరగానే దొరుకుతాయి. చిక్కంతా పెద్ద నోట్లతోనే. నూటికీ రెండు వందలకీ, రెండు వందలకీ అయిదు వందలకీ తేడా నాలుగేసి మిల్లీమీటర్లు. అంచుల్లో ఉబ్బెత్తు గీతలు ఉంటాయి: నూటికి నాలుగు, అయిదు వందలకు అయిదు, రెండు వందలకు నాలుగు గీతల మధ్య రెండు చిన్న వృత్తాలు. కొత్త నోటు మీద ఇవి బాగానే తెలుస్తాయి, నలిగిన నోటు మీద అరిగిపోతాయి. అందుకే రిజర్వు బ్యాంకు 2020లో మణి అనే యాప్ తెచ్చింది. ఫోను కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెబుతుంది. ఏ నోటును ఎలా మడిచి పెట్టుకోవాలో ఒక పద్ధతి పిల్లలే ఎంచుకుంటారు. కొట్టాయన చిల్లర తగ్గించి ఇస్తే? ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాక వాళ్లనే వెనక్కి పంపండి, వాళ్లే అడిగి తెచ్చుకుంటారు.

బడి ఎక్కడ అన్నది పెద్ద ప్రశ్న. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆరు నుంచి పద్ధెనిమిదేళ్ల దాకా ఊళ్లోని బడిలోనైనా, ప్రత్యేక పాఠశాలలోనైనా ఉచితంగా చదువుకునే హక్కుంది, ఎంపిక మీది. "మా బళ్లో చేర్చుకోం, అంధుల బడికి తీసుకెళ్లండి" అనే అధికారం ఏ హెడ్మాస్టరుకీ లేదు. అలాగని ప్రత్యేక పాఠశాల అంటే పిల్లను వదిలించుకోవడం అనుకోనక్కర్లేదు. బ్రెయిలీ, కర్ర నడక, అబాకస్ తెలిసిన ఉపాధ్యాయులు అక్కడ ఉంటారు. తనలాంటి పిల్లలు ఇంకా ఉన్నారని తెలియడం ఎంత ధైర్యమో చెప్పలేను. కష్టం హాస్టల్‌తోనే. దసరాకీ సంక్రాంతికీ మాత్రమే ఇంటికొచ్చే పిల్లలు నెమ్మదిగా చుట్టాలైపోతారు. నన్నడిగితే, మంచి ప్రత్యేక పాఠశాల అందుబాటులో ఉంటే చిన్న తరగతులు అక్కడ చదివించి, చెయ్యి తిరిగాక ఊళ్లోని బడికి తేవడం మేలు. ఊళ్లోనే మొదలుపెడితే మీ మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లండి. అక్కడ ఐఈఆర్‌పీలనే ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. బ్రెయిలీ పుస్తకాలు జూన్‌లో అడగండి. అడగకపోతే అవి అర్ధసంవత్సర పరీక్షలయ్యాక వచ్చినా ఎవరికీ పట్టదు. బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయమని ప్రతి టీచరునూ స్వయంగా కలిసి అడగండి. దానికి నిధులేవీ అక్కర్లేదు.

"ఫోన్ అన్నీ చదివేస్తోంది కదా, ఇంకా బ్రెయిలీ ఎందుకు?" అని ఈ మధ్య తరచూ వింటున్నాను. ఫోనూ కావాలి. ఆండ్రాయిడ్‌లో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది, కంప్యూటర్‌లో అదే పని చేసే, పైసా ఖర్చు లేని ఎన్‌వీడీఏ ఉంది, సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. కానీ వినికిడితోనే చదివిన పిల్లలకు శ, ష, స తేడా ఎక్కడ తెలుస్తుంది? ఏ అక్షరానికి ఏ ఒత్తో ఎలా తెలుస్తుంది? వినడం వేరు, చదవడం వేరు. చూపున్న పిల్లలకు ఆడియో పాఠాలున్నాయని పలకా బలపం మానిపించామా?

పైగా బ్రెయిలీ మీరు భయపడేంత కష్టం కాదు. పాచిక మీద ఆరు పడితే చుక్కలు ఎలా ఉంటాయో అదే బ్రెయిలీ గడి. ఆ ఆరింటిలో ఏవి పైకి లేచాయన్నదే అక్షరం. అకారానికి ఒక్కటే చుక్క. మన దేశ భాషలన్నిటికీ 1951 నుంచి ఒకే భారతి బ్రెయిలీ. తెలుగు క, హిందీ క, ఇంగ్లీషు కె, మూడింటికీ అవే రెండు చుక్కలు. గుణింతాలకు కొత్త గుర్తులు లేవు, అచ్చునే పక్కన రాస్తారు. కాకి అంటే క, ఆ, క, ఇ. నాలుగు గడుల్లో కాకి కూర్చుంటుంది. రాయడమే కాస్త తమాషా. బ్రెయిలీ పలకలో కాగితం బిగించి, మొన ఉన్న పుల్లతో కుడి నుంచి ఎడమకు గుచ్చుకుంటూ పోతారు. కాగితం తిరగేస్తే ఉబ్బిన చుక్కలు ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. మీరు వేళ్లతో చదవక్కర్లేదు, కంటితో చదివినా చాలు. అమ్మకు బ్రెయిలీ వస్తే హోంవర్కు దిద్దవచ్చు, ఉప్పు డబ్బాకు చీటీ అంటించవచ్చు, హాస్టల్లో ఉన్న పిల్లకు మూడో మనిషి చదవక్కర్లేని ఉత్తరం రాయవచ్చు.

లెక్కల దగ్గర గట్టిగా ఉండండి. "చూపు లేదు కాబట్టి లెక్కలూ సైన్సూ వద్దులే" అని బళ్లోవాళ్లు దయగా అంటారు. ఆ దయను ఒప్పుకుంటే పదో తరగతికే సగం దారులు మూసుకుపోతాయి. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టుకతోనే చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా, ఇంటర్‌లో సైన్సు తీసుకోనివ్వకపోతే కోర్టు దాకా వెళ్లాడు. సీటు సాధించుకుని, 98 శాతం మార్కులతో పాసై, అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి 2012లో హైదరాబాద్‌లో పరిశ్రమ పెట్టాడు. ఆయన మీద 2024లో హిందీ సినిమా కూడా వచ్చింది. సినిమా చూపించండి, కానీ "నువ్వూ అలా కావాలి" అని నెత్తిన బరువు పెట్టకండి. చూపున్న పిల్లలందరూ కంపెనీలు పెడుతున్నారా ఏమిటి? మనకు కావలసింది ఆ లెక్కల పీరియడ్‌లో పిల్లలకు ఒక చోటు. అంకెలకు టేలర్ ఫ్రేమ్, అబాకస్ ఉన్నాయి. జ్యామితికి అట్టముక్క, ఫెవికాల్, పురికొస చాలు. ఆ మాటకొస్తే సంక్రాంతి ముగ్గు ఎలా ఉంటుందో మీ అమ్మాయికి ఎప్పుడైనా చూపించారా? చుక్కలకు శనగలు, గీతలకు పురికొస అంటించి ఇవ్వండి. తొమ్మిది చుక్కల ముగ్గు వేలితో తిరిగొచ్చిన పిల్లకు సౌష్ఠవం అంటే ఏమిటో టీచరు మళ్లీ చెప్పక్కర్లేదు.

పరీక్షలకు సహాయకులను, అంటే స్క్రైబును, ముందే చూసుకోండి. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలన్న మాట. పిల్లలు చెప్పేదీ, స్క్రైబు రాసేదీ కుదరాలంటే నాలుగైదు పాత ప్రశ్నపత్రాలు ఇద్దరూ కూర్చుని చేయాలి. "స్క్వేర్ రూట్ ఆఫ్ ఎక్స్ ప్లస్ టూ" అంటే గుర్తు కింద ఎంతవరకు వస్తుందో పరీక్ష హాల్లో తేల్చుకోవడం అయ్యే పని కాదు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డయిన యూడీఐడీ నకళ్లు ఒక ఫైల్లో పెట్టి ఆ ఫైలు ఎక్కడుందో పిల్లలకు చూపించండి.

ఏ దఫ్తరుకు వెళ్లినా నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద అడగడం అలవాటు చేసుకోండి. చూపు లేనివాళ్లు జడ్జీలు కాకూడదన్న మధ్యప్రదేశ్ నిబంధనను సుప్రీంకోర్టు 2025 మార్చిలో కొట్టేసింది. ఆ కేసు మొదలైంది ఒక అభ్యర్థి తల్లి రాసిన ఉత్తరంతో.

ఆటలు, స్నేహాల గురించి ఎక్కువ చెప్పను, పిల్లలే చెబుతారు. బంతిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి కట్టండి, చప్పుడు చేస్తుంది, వీధిలో పిల్లలందరూ ఆడొచ్చు. అంధుల క్రికెట్‌లో బంతిలోపలే గలగలమనే గుళ్లుంటాయి. ఆ ఆటలో భారత జట్టుకు కెప్టెన్‌గా చేసిన అజయ్‌కుమార్ రెడ్డి మన పల్నాడు వైపు నుంచే వచ్చాడు, అర్జున అవార్డు కూడా అందుకున్నాడు. ఒక్క మాట మాత్రం. తోడబుట్టినవాళ్లను కాపలాదారులను చేయకండి. "అన్నయ్యను వదిలి ఆటకెళ్లావా?" అని చెల్లెల్ని రోజూ తిడుతుంటే ఆ కోపం ఎవరి మీదికి మళ్లుతుందో మీకు తెలియంది కాదు.

ఆడపిల్లల తల్లులతో విడిగా మాట్లాడాలి. భయం కొద్దీ పదో ఏటికే బడి మాన్పించే ఇళ్లున్నాయి. భయం నిజమైనదే, కానీ ఇంట్లో కూర్చోబెడితే అది తీరదు. చూపు లేని పిల్లను చిన్నప్పటి నుంచీ అడక్కుండానే ఎవరెవరో పట్టుకుంటారు. రోడ్డు దాటిస్తామని భుజం, కూర్చోబెడతామని నడుము. దాంతో ఏ స్పర్శ సాయమో, ఏది కాదో తెలుసుకునే వీలే పోతుంది. "చెయ్యి తీయండి, నేనే మీ మోచెయ్యి పట్టుకుంటాను" అని గట్టిగా అనడం ఇంట్లోనే సాధన చేయించండి. పెద్దమనిషి కాకముందే ప్యాడ్ చేతికిచ్చి, ఏ వైపు జిగురు, లోదుస్తుకు ఎలా అంటించాలి, తీసింది ఎలా చుట్టాలి, మరక ఉందేమో ఎవరిని నమ్మి అడగాలి, అన్నీ తడిమించి నేర్పండి. ఆరోజు హడావుడిగా చెబితే అది పాఠంలా ఉండదు, శిక్షలా ఉంటుంది.

చివరికి అందరు తల్లిదండ్రులూ గొంతు తగ్గించి అడిగేది ఒకటే: "మా తర్వాత ఎవరు?" అన్న చూస్తాడు, చెల్లి చూస్తుంది అన్న హామీలు మంచివే, కానీ అలా ఎవరి చేతా ఒట్టు వేయించుకోవద్దు. ఆస్తిలో వాటా మిగతా పిల్లలకెంతో వీళ్లకూ అంతే రాయండి. నెలనెలా వచ్చే పెన్షను ఎవరిదో, ఎంతో, దేనికి ఖర్చవుతోందో పన్నెండేళ్ల నుంచే పిల్లలకు తెలియాలి. కష్టకాలంలో ఇంటికి వాడుకున్నా చెప్పి వాడుకోండి. పద్ధెనిమిది నిండగానే వాళ్ల పేరు మీద విడిగా బ్యాంకు ఖాతా తెరిపించండి. చూపు లేదన్న కారణంతో చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు 2008లోనే బ్యాంకులకు చెప్పింది. కౌంటర్లో ఉన్నాయన "మీతో కలిపి జాయింట్ ఖాతా అయితేనే ఇస్తాం" అంటే వాదించకండి. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మని మీ అబ్బాయి చేతనో అమ్మాయి చేతనో అడిగించండి. చాలాసార్లు కాగితం ఇవ్వరు, ఖాతా తెరుస్తారు.